పోపుల డబ్బా, మందుల డబ్బా

(ధన్వంతరి జయంతి నాడు గుడి హాల్లో, పూజ తర్వాత చేసిన ప్రసంగ పాఠం. వినలేకపోయిన సభ్యుల కోసం ఇక్కడ ఇస్తున్నాం.)

ప్రసాదం వేడిగా ఉంది, పిల్లలకు ఆకలిగా ఉంది, కాబట్టి ఎక్కువసేపు తీసుకోం.

ముందే ఒక మాట. మేమిద్దరం డాక్టర్లం కాదు. వారమంతా కోడ్ రాసుకుని, ఆదివారం ఇక్కడ పార్కింగ్ దగ్గరో వంటశాలలోనో నిలబడే వాలంటీర్లం. మందుల గురించి మేం మాట్లాడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. కానీ మా ఇంట్లో రెండుసార్లు జరిగిన విషయం మీ ఇళ్ళలోనూ జరుగుతోందని, ఇక్కడ చెప్పులు వేసుకునేటప్పుడు మాట్లాడుకునే మాటల్లోనే తెలిసింది. కమిటీ పెద్దలు "అదే చెప్పండి" అన్నారు. అందుకే ఇలా నిలబడ్డాం.

మొదటిది 2021 మే నెల. మాలో ఒకరికి నాన్న, ఇంకొకరికి మామయ్య అయిన పెద్దాయనకు నెల్లూరు దగ్గర మా ఊళ్ళో జ్వరం వచ్చింది. అది ఎలాంటి నెలో మీకు గుర్తుంది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు, ఆక్సిజన్ లేదు. ఇక్కడ అర్ధరాత్రి అయితే అక్కడ ఉదయం పదిన్నర. మేం రాత్రుళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళం. అప్పుడే మా బాబాయి కొడుకు కృష్ణపట్నం వెళ్ళి, ఆనందయ్యగారి మందు ఒక పొట్లం తెచ్చాడు.

కృష్ణపట్నం సంగతి మీలో చాలామందికి తెలుసు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, ఓడరేవు ఉన్న ఊరు. బొనిగి ఆనందయ్యగారు అక్కడ ఉచితంగా మందు ఇస్తున్నారని తెలిసి వేలమంది వచ్చారు. మే 21న వచ్చిన జనాన్ని చూసి ప్రభుత్వం పంపిణీ ఆపించింది. ఆయుష్ వాళ్ళు, కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి వాళ్ళు పరిశీలించారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం లోపలికి తీసుకునే మందులకు అనుమతి ఇచ్చింది, కంట్లో వేసే చుక్కలకు మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. ఆ అనుమతిలోని మాటలు జాగ్రత్తగా చదవాలి. హాని కనిపించలేదు, కానీ కరోనా తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు, డాక్టర్లు ఇచ్చిన మందులు మానకూడదు అని అందులో ఉంది. మన వాట్సాప్ గ్రూపుల దాకా వచ్చేసరికి ఆ మూడు ముక్కల్లో "అనుమతి ఇచ్చారు" అన్నది ఒక్కటే మిగిలింది.

నాన్నగారు ఆ లేహ్యం వేసుకున్నారు. ఆక్సిమీటర్ 94 చూపించింది, మర్నాడు 91. "మందు వేసుకున్నాను కదా, ఒకరోజు చూద్దాం" అన్నారు. మూడో రోజు 88కి దిగింది. అప్పటికి నెల్లూరులో ఒక మంచం దొరికింది. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్ ఇచ్చారు. పదకొండు రోజుల తర్వాత ఇంటికి వచ్చారు.

ఇప్పటికీ ఆయన మాట ఒక్కటే: "నన్ను బతికించింది ఆ పొట్లం." మేం "ఆక్సిజన్" అంటాం. ఆ వాదన మా ఇంట్లో నాలుగేళ్ళుగా నడుస్తోంది. కానీ ఒక విషయం ఉంది. ఆ పొట్లంలో సగం పక్కవీధిలోని ఆయన స్నేహితుడికి కూడా ఇచ్చారు. వాళ్ళిద్దరూ హైస్కూల్లో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు. ఆయన బతకలేదు. మందు వల్ల పోయాడని మేం అనటం లేదు. మందు గొప్పదని చెప్పుకునే వాళ్ళందరూ బతికిన వాళ్ళే కదా, అది చెబుతున్నాం. పోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు. మనం విన్న సాక్ష్యాలన్నీ ఒకవైపువే అయినప్పుడు, ఎన్ని విన్నా లెక్క తేలదు.

మరి చెట్టు మందులన్నీ వట్టివేనా? కాదు. అక్కడికే వస్తున్నాం.

మన బిర్యానీలో అనాస పువ్వు వేస్తాం. నక్షత్రంలా ఎనిమిది రెక్కలు ఉంటాయి. దక్షిణ చైనాలో ఎక్కువగా పండుతుంది. అందులో షికిమిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. ఫ్లూకి ఇచ్చే టామిఫ్లూ బిళ్ళ, అంటే ఒసెల్టామివిర్, మొదట్లో తయారైంది ఈ పదార్థం నుంచే. 1999లో అమెరికాలో ఆ మందుకు అనుమతి వచ్చింది. 2005లో బర్డ్ ఫ్లూ భయం పట్టుకున్నప్పుడు ప్రపంచ దేశాలన్నీ ఆ బిళ్ళలు నిల్వ చేసుకోవాలనుకుంటే అనాస పువ్వు ధర పెరిగిపోయింది. ఆ ఏడాది డిసెంబరులోనే, మన హైదరాబాద్‌లోని హెటెరో కంపెనీకి ఆ మందు తయారు చేసే లైసెన్సును రోష్ కంపెనీ ఇచ్చింది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో వాడిన బిళ్ళల్లో హైదరాబాద్‌లో తయారైనవి ఉన్నాయి. తర్వాత్తర్వాత ఆ షికిమిక్ ఆమ్లాన్ని బాక్టీరియాతో పులియబెట్టి కూడా తీయటం మొదలుపెట్టారు.

ఇది విన్న వెంటనే "అయితే అనాస పువ్వు కషాయం తాగితే సరిపోతుందిగా!" అనిపిస్తుంది. ఇక్కడే అసలు విషయం ఉంది. షికిమిక్ ఆమ్లం ఫ్లూ వైరస్‌ని ఏమీ చేయదు. దాన్ని పది దాకా రసాయన మెట్లు ఎక్కిస్తే గానీ మందు కాదు. వైరస్ ఒక కణంలో పెరిగి, బయటపడి ఇంకో కణానికి వెళ్ళడానికి దాని దగ్గర కత్తెరలాంటిది ఒకటి ఉంటుంది. ఈ మందు వెళ్ళి ఆ కత్తెర నోట్లో ఇరుక్కుంటుంది. ఆ కత్తెరకు సరిపోయే ఆకారం పువ్వులో లేదు, బిళ్ళలో ఉంది. పువ్వు ఇచ్చింది ముడిసరుకు మాత్రమే.

పైగా అనాస పువ్వుకు జపాన్‌లో ఒక దాయాది ఉంది. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ విషం. పసిపిల్లలకు అనాస పువ్వు టీ పట్టి, మూర్ఛల దాకా వచ్చిన కేసులు చూసి 2003లో ఎఫ్‌డీఏ ఆ టీ తాగవద్దని హెచ్చరించింది. బిర్యానీ మానక్కర్లేదు. పసిపిల్లలకు మాత్రం ఆ కషాయం వద్దు.

క్షీరసాగర మథనం మనందరికీ తెలిసిన కథ. ధన్వంతరి అమృత కలశంతో వచ్చాడని ఈ రోజు పూజ చేశాం. ఆయనకంటే ముందు అదే కడలి నుంచి హాలాహలం వచ్చింది. ఒకే చిలుకుడు, రెండూ అందులోంచే. చెట్ల సంగతీ అంతే. ఏది ఏదో తెలుసుకోవడానికి చిలకాల్సిందే, దగ్గరదారి లేదు.

మా వృత్తిలో ఒక పాత జోకు ఉంది. ప్రోగ్రాం పనిచేయటం లేదని కస్టమర్ మొత్తుకుంటే, "నా లాప్‌టాప్‌లో బాగానే నడుస్తోందే" అంటాడు రాసినవాడు. మందుల్లో ఆ లాప్‌టాప్ అంటే ప్రయోగశాలలోని గాజు పళ్ళెం. "ఫలానా ఆకు రసం కరోనా వైరస్‌ని చంపింది" అని పేపర్లో వస్తే, చాలాసార్లు అది పళ్ళెంలో జరిగిన సంగతి. పళ్ళెంలో సబ్బు నీళ్ళు కూడా వైరస్‌ని చంపుతాయి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ గుర్తుందా? సింకోనా చెట్టు బెరడులోని క్వినైన్ దారిలో, ప్రయోగశాలలో పుట్టిన మందు అది. 2020లో పళ్ళెంలోని కోతి మూత్రపిండ కణాల్లో అది వైరస్‌ని ఆపింది. మనిషి ఊపిరితిత్తి కణాల్లో ఆపలేదు. ఎందుకంటే ఆ వైరస్ ఒక్కో రకం కణంలోకి ఒక్కో తలుపు గుండా వెళ్తుంది. మందు మూసిన తలుపు ఊపిరితిత్తిలో వైరస్ వాడే తలుపు కాదు. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్షలో 1,561 మందికి ఆ మందు ఇచ్చారు, 3,155 మందికి మామూలు వైద్యం చేశారు. 28 రోజుల్లో మందు తీసుకున్న వాళ్ళలో 27 శాతం, తీసుకోని వాళ్ళలో 25 శాతం చనిపోయారు. ఉపయోగం లేదని తేలింది.

అదే పరీక్షలో కోల్చిసిన్‌ని కూడా చూశారు. మన పొలాల గట్ల మీద ఎర్రగా పసుపుగా అగ్నిశిఖ పువ్వు పూస్తుంది చూశారా, అందులో ఉండే పదార్థమే అది. వాతం నొప్పులకు నిజంగా పనికొచ్చే మందు. కరోనాకు పనికిరాలేదు: పదకొండు వేల మందికి పైగా రోగుల్లో, ఇచ్చినా ఇవ్వకపోయినా మరణాలు 21 శాతమే. ఇక నాన్నగారికి ఇచ్చిన స్టెరాయిడ్ రకం, డెక్సామెథసోన్, ఆ పరీక్షలోనే గెలిచింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదోవంతు తగ్గాయి. తమాషా ఏమిటంటే, స్టెరాయిడ్ మందుల పరిశ్రమ 1940లు, 50లలో నిలదొక్కుకున్నది మెక్సికో అడవుల్లోని ఒక దుంపలో దొరికే పదార్థం మీద. అంటే గెలిచిన మందు వంశంలోనూ, ఓడిన మందుల వంశంలోనూ చెట్లున్నాయి. చెట్టు నుంచి వచ్చిందా లేదా అన్నది ఏమీ చెప్పదు. పరీక్షలో నిలిచిందా లేదా అన్నదే చెబుతుంది.

సాంప్రదాయం దారి చూపించదా అంటే, చూపిస్తుంది. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు మందు వెతుకుతూ పాత వైద్య గ్రంథాలు చదివారు. ఒకదాంట్లో ఆ ఆకును నీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమో అని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో తీసి చూస్తే పనిచేసింది. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. గ్రంథం దారి చూపింది. కానీ గ్రంథంలో ఉంది కదా అని ఆమె అక్కడ ఆగలేదు.

ఇప్పుడు మన పెరటి మొక్క, నేలవేము. తమిళనాడులో దీన్నే నిలవేంబు అంటారు, జ్వరాలకు కషాయం కాస్తారు. థాయ్‌లాండ్‌లో 2020 డిసెంబరులో దీన్ని తేలికపాటి కరోనా రోగులకు ఇవ్వటానికి ప్రభుత్వం ఒప్పుకుంది. అక్కడి పరిశోధకులు ఒక చిన్న పరీక్ష చేశారు. మందు తీసుకున్న 29 మందిలో ఒక్కరికీ న్యుమోనియా రాలేదు. తీసుకోని 28 మందిలో ముగ్గురికి వచ్చింది. సున్నాకి మూడు! వినడానికి బాగుంది. కానీ 2021 ఆగస్టులో, లెక్కలో పొరపాటు జరిగిందని ఆ వ్యాసాన్ని వాళ్ళే వెనక్కి తీసుకున్నారు.

ఆ లెక్క మేం ఇంట్లో వేసి చూశాం. మీ పదో తరగతి పిల్లలు కూడా వేయగలరు. మొత్తం 57 మంది. మందు ఏ పనీ చేయలేదనుకుందాం. జబ్బు పడే ముగ్గురూ కేవలం అదృష్టవశాత్తు మందు లేని గుంపులోనే పడే అవకాశం ఎంత? 28లో ముగ్గురిని ఎన్నుకునే విధానాలు 3,276. 57లో ముగ్గురిని ఎన్నుకునే విధానాలు 29,260. భాగిస్తే సుమారు నూటికి పదకొండు. అంటే తొమ్మిది సార్లలో ఒకసారి ఊరికే అలా పడుతుంది. నేలవేము పనిచేయదని దీని అర్థం కాదు. 57 మంది చాలరు, అంతే. కానీ తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు చూడండి, ఆ పనికి మేం దండం పెడతాం.

ఇక రెండోసారి జరిగింది చెబుతాం. ఇది కాపెల్‌లోనే.

పోయిన శీతాకాలం నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. జనవరిలో దగ్గు, ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. "మీ టెక్సాస్ సీడర్ చెట్ల పుప్పొడిరా అబ్బాయ్, ఏం లేదు" అన్నారు. నిజమే, ఆ నెలల్లో ఇక్కడ సగం మంది తుమ్ముతూనే ఉంటారు. కానీ పుప్పొడికి జ్వరం రాదు. రెండు రోజుల తర్వాత రాత్రి ఒంటిగంటకు వంటింట్లో దీపం వెలిగితే లేచి వెళ్ళాం. చీకట్లో నిలబడి తిప్పతీగ పొడి వేడినీళ్ళలో కలుపుకుంటున్నారు, చేయి వణుకుతోంది. మమ్మల్ని చూసి దొంగతనం చేసినవాడిలా గ్లాసు వెనక్కి పెట్టుకున్నారు. నూటరెండు జ్వరం.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అని అడిగితే ఆయన అన్న మాట ఇది: "ఇక్కడ ఆసుపత్రికి పోతే ఎంతవుతుందో విన్నానమ్మా. మీకు అప్పు పెట్టి పోవడానికా నేను వచ్చింది?"

మేమిద్దరం ఏం మాట్లాడలేకపోయాం. ఇన్నేళ్ళూ ఆయనది మూఢనమ్మకం అనుకున్నాం. ఆ రాత్రి తెలిసింది, సగం నమ్మకమైతే సగం భయం. ఆ భయం పెట్టింది మేమే. భోజనాల దగ్గర "ఫలానా వాళ్ళ నాన్నగారికి ఎమర్జెన్సీ బిల్లు ఇంత వచ్చిందట" అని ఆయన వినేలా మాట్లాడుకున్నది మేమే.

ఇంట్లో ఉన్న కిట్‌తో చూస్తే ఫ్లూ అని వచ్చింది. పొద్దున్నే క్లినిక్‌కి తీసుకెళ్ళాం. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టర్ అడిగితే ఆయన "లేదు" అన్నారు. మా హ్యాండ్‌బ్యాగులోంచి పొడి డబ్బా తీసి బల్ల మీద పెట్టాం. ఆవిడ కోప్పడలేదు. నాన్నగారికి షుగర్ బిళ్ళలు ఉన్నాయి, తిప్పతీగకు షుగర్ తగ్గించే గుణం ఉందని ఆయుర్వేదంలోనే చెబుతారు, రెండూ కలిసి, సరిగా తినకుండా ఉంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చని వివరించారు. కాలేయం పరీక్ష కూడా రాశారు. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి డాక్టర్లు 2021లో ఆరుగురి కేసులు ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అలాగే కనిపించే వేరే తీగ అయ్యుండవచ్చని అంది. ఎవరి మాట నిజమైనా మనకు తేలేది ఒకటే: పొడి చేశాక ఏ తీగో కంటితో చెప్పలేం. నాన్నగారి పరీక్ష అదృష్టవశాత్తు బాగానే వచ్చింది.

ఒసెల్టామివిర్ రాశారు. అది 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మామూలు మనిషికి జబ్బు ఒక రోజు దాకా తగ్గిస్తుంది, అంతకంటే గొప్పలు చెప్పటం లేదు. పెద్దవాళ్ళకు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళకు మాత్రం ఆలస్యమైనా ఇవ్వమంటారు. నాన్నగారు బిళ్ళ చేతిలో పట్టుకుని తటపటాయించారు. అప్పుడు అనాస పువ్వు కథ, హైదరాబాద్ కథ చెప్పాం. "మన బిర్యానీ పువ్వా?" అని నవ్వి వేసుకున్నారు. వారానికి కోలుకున్నారు. బిళ్ళ వల్లనే అని మేం అనం. అంటే ఆయన పొట్లం కథలాగే అవుతుంది.

చివరగా నాలుగు విన్నపాలు.

ఒకటి. మిరియాల చారు మానకండి. అల్లం, తులసి, ఆవిరి, అన్నీ ఉండనివ్వండి. గొంతుకు, మనసుకు హాయి. ఏడాది దాటిన పిల్లలకు దగ్గుకి తేనె మంచిదేనని ఇక్కడి పిల్లల డాక్టర్లూ చెబుతారు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించకండి, దానిలో ఉండగల బాక్టీరియా వాళ్ళకు ప్రమాదం. ఫ్లూ జ్వరంలో పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. పోపుల డబ్బా చేసే పని దానిది, మందుల డబ్బా చేసే పని దానిది.

రెండు. సూట్‌కేసులో వచ్చే చూర్ణాలు, భస్మాలు జాగ్రత్త. 2004లో ప్రచురించిన ఒక పరిశోధన కోసం బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14టిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా బయటపడింది. ఇక్కడి చట్టంలో ఇలాంటివి సప్లిమెంట్లు. అమ్మకముందు ఎవరూ పరీక్షించి అనుమతి ఇవ్వరు. ఏం వాడుతున్నా సీసాతో సహా డాక్టర్‌కి చూపించండి. పొరపాటున పిల్లలు మింగితే పాయిజన్ హెల్ప్ వారి 1-800-222-1222కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం.

మూడు. ఆక్సిమీటర్ ఇంట్లో ఉంచుకోండి, కానీ గుడ్డిగా నమ్మకండి. చామనఛాయ, నలుపు చర్మం మీద అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని ఎఫ్‌డీఏ 2021లో చెప్పింది. అంకె దిగుతూ ఉంటే 94 దగ్గరే డాక్టర్‌కి చెప్పండి. ఆయాసం, ఛాతీనొప్పి, మాట తడబడటం, పెదవులు నీలంగా మారటం, వీటిలో ఏది కనిపించినా అంకె చూడకుండా 911.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం. మీ అమ్మానాన్నలు వస్తే, విమానాశ్రయం నుంచి వచ్చే దారిలోనే చెప్పండి: "ఒంట్లో బాగోకపోతే అదే రోజు చెప్పాలి, డబ్బు మా సంగతి." విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు వాళ్ళెదురుగానే కూర్చుని చదవండి, దేనికి వర్తిస్తుందో దేనికి వర్తించదో ముందే తెలుసుకోండి. ప్రతి జ్వరానికీ ఎమర్జెన్సీ అక్కర్లేదు, అర్జెంట్ కేర్ చాలు. ప్రాణం మీదికి వస్తే మాత్రం, డబ్బు కట్టగలరా లేదా అన్నదానితో సంబంధం లేకుండా ఎమర్జెన్సీలో చూసి నిలబెట్టాలని 1986 నుంచి ఇక్కడ చట్టం ఉంది. ఫ్లూ టీకా పక్కనున్న ఫార్మసీలోనే వేస్తారు. 75 దాటినవాళ్ళకు ఆర్‌ఎస్‌వీ టీకా గురించి కూడా అడగండి.

వచ్చే ఆరోగ్య శిబిరంలో మన గుడి డాక్టర్లు ఒక బల్ల వేస్తామన్నారు. ఇంట్లో ఉన్న పొడులు, లేహ్యాలు, బిళ్ళలు అన్నీ ఒక సంచిలో వేసి పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని రండి. ఎవరూ ఎవరినీ కోప్పడరు. మేం కూడా వస్తాం. నాన్నగారు మళ్ళీ డిసెంబరులో వస్తున్నారు. సంచి తెస్తానన్నారు. కృష్ణపట్నం పొట్లం ఖాళీ కాగితం కూడా అందులో ఉంటుందట. దాన్ని ఇంకా దాచుకున్నారు.

ప్రసాదం తీసుకుని వెళ్ళండి.